అద్దెకున్నావిడ మర్యాద

మా బావగారికి రిటైర్మెంట్ డబ్బులు చేతికందాయి. హైదరాబాద్ నిజాంపేటలో ఓ ఫ్లాటు కొని అద్దెకిచ్చేస్తే పెన్షన్‌కి తోడుగా ఉంటుందని ఆయన లెక్క. ధర 60 లక్షలు. ఇప్పటికే అద్దెకున్నవాళ్ళు ఉన్నారు, నెలకి 22 వేలు వస్తోందన్నాడు బ్రోకరు. బయానా ఇచ్చేముందు చూసొద్దామని నన్నూ లాక్కెళ్ళారు.

దారి పొడవునా చెబుతూనే ఉన్నాను. తాకట్టులేమైనా ఉన్నాయేమో తెలియడానికి ఈసీ తీయించండి, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి, మెయింటెనెన్స్ బాకీలున్నాయేమో కనుక్కోండి, అద్దె అగ్రిమెంట్ కళ్ళతో చూడండి, రిజిస్ట్రేషన్‌కే ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు పక్కన పెట్టుకోండి అని. "అవన్నీ తర్వాతరా, ముందు వాస్తు" అన్నారాయన.

గుమ్మంలో నిలబడి ఫోన్‌లో దిక్సూచి తెరిచారు. తూర్పు. రెండడుగులు వేసేసరికి అదే గుమ్మం నైరుతి అయింది. వెనక్కొస్తే ఉత్తరం. ఫోన్ కవరుకి అయస్కాంతం ఉందని నేను నోరు తెరిచేలోపే బ్రోకరు అందుకున్నాడు: "అన్ని దిక్కులూ కలిసొచ్చే ఇల్లు సార్!"

అద్దెకున్నావిడ మాత్రం భలే మర్యాదస్తురాలు. బ్రోకరు ఫోన్ మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళగానే గొంతు తగ్గించి, "అన్నయ్యగారూ, మేమిచ్చేది 16 వేలేనండీ" అంది. ఏడాదికి లక్షా తొంభై రెండు వేలు. 60 లక్షల మీద మూడు శాతం చిల్లర, అందులోంచి మళ్ళీ ఇంటిపన్ను, రిపేర్లు. ఫిక్స్‌డ్ డిపాజిట్టే నయం. వంటింట్లో కుళాయి తిప్పి చూపించింది. సుయ్‌మని గాలొచ్చింది. "ట్యాంకర్లే దిక్కండీ." బాత్రూమ్ కప్పుకి దోసె అంత తడి మరక. "పైవాళ్ళతో మాటల్లేవండీ." చివరికి, "మా రెండు నెలల అడ్వాన్సు ఓనరుగారి దగ్గరుంది. మీరు కొంటే మీరే ఇవ్వాలి కదండీ?"

బావగారు చెప్పులేసుకున్నారు. లిఫ్టు కోసం కూడా ఆగలేదు.

మొన్న అటు పనిమీద వెళితే వాచ్‌మన్ గుర్తుపట్టి పలకరించాడు. ఆ ఫ్లాటు అమ్ముడైపోయిందట.

"ఎవరు కొన్నారయ్యా?"

"అద్దెకున్నోళ్ళే సార్. వచ్చినోళ్ళు వచ్చినట్టే పోతుంటే ఓనరు విసిగిపోయి 52కి ఇచ్చేసిండు."

"మరి నీళ్ళు రావుగా?"

"ఎందుకు రావు సార్, బ్రహ్మాండంగా వస్తయి. ఎవరన్న చూడనీకి వస్తున్నరంటే అమ్మగారు నాకు ఫోన్ చేసేది, నేను పైకి పోయి వాల్వు బంద్ చేసేటోణ్ణి."