ముక్కు కారని జ్వరం

జూన్‌లో అమెరికా బడులకు సెలవులు మొదలయ్యేసరికి విశాఖలో తొలకరి పడుతుంది. పిల్లల్ని వెంటేసుకుని మనం సరిగ్గా అప్పుడే దిగుతాం. వారం తిరక్కుండా చంటివాడికి రొంప పడుతుంది, రాత్రికి ఒళ్ళు కాలుతుంది. ఇక ఇంట్లో విచారణ. ఆర్కే బీచ్‌లో తడిసినందుకా, ఐస్‌క్రీమ్ తిన్నందుకా, నీళ్ళు పడలేదా? నానమ్మ దిష్టి తీస్తుంది (నష్టమేమీ లేదు, తీయనివ్వండి). తాతయ్య మందుల షాపుకు బయల్దేరతారు. అక్కడే నా అభ్యంతరం.

డేకేర్‌కు వెళ్ళే పిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే, కొందరికి ఇంకా ఎక్కువ. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి, ఒకటి వచ్చి తగ్గినంత మాత్రాన ఇంకోటి రాకుండా పోదు. మధ్యలో హుషారుగా ఆడుకుంటూ, బరువు పెరుగుతున్న పిల్లాడికి ‘ఇమ్యూనిటీ లేదు’ అని టానిక్కులు తాగించడం దండగ. న్యుమోనియా మళ్ళీ మళ్ళీ వస్తున్నా, బరువు పెరగకపోయినా సంగతి వేరు, అప్పుడు పరీక్షలు చేయించాల్సిందే.

వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. చీటీ లేకుండా చాలా యాంటీబయాటిక్‌లు అమ్మకూడదని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 నిబంధన ఉన్నా, వీధి చివర అడిగితే ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అడగకపోవడం మన చేతిలో పని. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే రాయమని 2023లో మన దేశపు ఔషధ నియంత్రణ అధికారులు చెప్పారు. అయినా ఇళ్ళలో పాత సీసాలు తిరుగుతూనే ఉంటాయి.

పారాసెటమాల్ దగ్గర మనవాళ్ళకు ఇంకో చిక్కుంది. అమెరికా సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇక్కడ 120ది ఉంది, 250ది కూడా ఉంది. డ్రాప్స్ అయితే మరీ గాఢం. 12 కిలోల పిల్లకు ఒక మోతాదు 180 మిల్లీగ్రాములు దాటకూడదు. అలవాటు కొద్దీ 250 సిరప్ నిండా 5 మిల్లీలీటర్లు పోస్తే? పట్టే ముందు సీసా మీద అంకె చూడండి, నానమ్మకూ చూపించండి.

మన టెన్షనంతా దాచుకోవాల్సింది ముక్కు కారని జ్వరానికి. వానాకాలంలో జలుబూ దగ్గూ లేకుండా హఠాత్తుగా కాచే జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు డెంగీ కావచ్చు. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ అనే జ్వరం, నొప్పి మందుల జోలికి పోవద్దు. జ్వరం దిగగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు గానీ, డెంగీలో అసలు ప్రమాదం ఆ ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా పడుండటం, చేతులు చల్లబడటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. మూడు నెలల్లోపు పసికందుకు 100.4 డిగ్రీలు వచ్చిందంటే కారణం ఏదైనా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అరకు, లంబసింగి చూడకుండా ఎవరమూ తిరిగి రాం. ఆ ఏజెన్సీలో మలేరియా ఉంది. కుట్టిన వారానికి గానీ, కొన్నిసార్లు నెల దాటాక గానీ బయటపడదు, అప్పటికి మనం డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాం. అరకు వెళ్ళొచ్చామని మీరు నోరు తెరిచి చెప్పకపోతే అక్కడి డాక్టరుకు ఆ ఆలోచనే రాకపోవచ్చు.