ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా!

తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి 2024 ఆగస్టు 10 రాత్రి కొట్టుకుపోయింది. డెబ్బై ఏళ్ల నాటి డ్యాం అది. మొత్తం 33 గేట్లూ మార్చాల్సిందేనన్న మాట ఒక గేటు పోయాకే గట్టిగా వినపడింది. 2018లో గుంటూరులో మురుగు కలిసిన నీరు తాగి జనం అతిసారంతో ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాత పైపులు మార్చాలన్న తొందర అప్పుడూ చావుల తర్వాతే పుట్టింది. తాగునీటి ప్లాంట్లలో కాలం చెల్లిన పరికరాల దగ్గరా మన మున్సిపల్ యంత్రాంగాలది ఇదే వరస. ఎస్టిమేట్లు తయారవుతాయి, ఫైలు పైకి వెళ్తుంది, 'ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా' అన్న ఒక్క మాటతో వెనక్కి వస్తుంది.

మమ్మల్ని భయపెడుతున్నది ఈ మాటే. నిరుడు వాయిదా వేసినా ఏమీ కాలేదు కనుక ఈ ఏడూ వేయొచ్చంటున్నారు. ఈ ఏడు గడిస్తే వచ్చే ఏడాదికి అదే సాకు. వాయిదా పడిన ప్రతి ఏడాదీ మరో వాయిదాకు సాక్ష్యంగా మారుతోంది.

నీటిని శుద్ధి చేసే క్లోరిన్ గ్యాస్ టోనర్లనే పెద్ద సిలిండర్లలో వస్తుంది. ఒక్కో దాంట్లో 900 కిలోలు. గాలి కంటే రెండున్నర రెట్లు బరువైన ఈ గ్యాస్ లీకైతే పైకి పోదు, నేలబారున పాకి పల్లంలో ఉన్న ఇళ్లలోకి దిగుతుంది. విజయవాడకు నీరిచ్చే విద్యాధరపురం హెడ్ వాటర్ వర్క్స్ చుట్టూ ఉన్నవి ఇళ్లే. గ్యాస్ వాడే ప్లాంటు ఏదైనా సరే, లీకును పసిగట్టే సెన్సారు, సైరన్, కాస్టిక్ సోడాతో గ్యాస్‌ను విరిచేసే స్క్రబ్బర్, సిబ్బంది వేసుకునే గాలి సిలిండర్ మాస్కులు క్షణాల్లో పనిచేయాలి. రోజూ తిరిగే మోటారు ఆగితే సాయంత్రానికి కుళాయిల దగ్గర గొడవ మొదలవుతుంది. సైరన్ పాడైతే ఎవరికీ తెలియదు, అవసరం పడిన రోజు దాకా. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురాన్ని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి కమ్మింది. జనాన్ని నిద్రలేపాల్సిన సైరన్‌ను మోగించలేదని విచారణ కమిటీ తేల్చింది. పన్నెండు మంది చనిపోయారు. ఆ ముందు రోజు అడిగి ఉంటే అక్కడా 'ఏమీ కాలేదుగా' అనే చెప్పేవారు.

ఇక నది వైపు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి గేట్లను ఢీకొన్నాయి. ఆ కృష్ణ నుంచే మనం నీళ్లు తోడుకుంటున్నాం. నది నీటిని లోపలికి తీసుకునే ఇన్‌టేక్ దగ్గర తుప్పుపట్టిన జాలీల్లోంచి చెత్త, గుర్రపుడెక్క లోపలికి వస్తే పంపులు మొరాయిస్తాయి. నీళ్లలో బురద, మలినాలు ఎక్కువైతే పటిక సరిపోదు, వేసిన క్లోరిన్ వాటికే ఖర్చయిపోతుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. లైను చివర ఉన్న పేటలకు అది అందదు. ఆ పేటల్లో ఉండేది ఇంట్లో ఫిల్టరు పెట్టించుకోలేనివాళ్లు.

నిధుల కొరత ఉందంటున్నారు, మరమ్మతుతో నడిచేదాన్ని తీసేయడం దుబారా అంటున్నారు. విన్నాం. కానీ సమీక్షా సమావేశాల్లో తమ ముందు సీసా నీళ్లు పెట్టుకుని, కుళాయి నీటికి ఢోకా లేదని చెప్పేవారి నోట ఈ పొదుపు మాట వినడం కష్టంగా ఉంది. ప్రమాదం జరిగాక ఇదే యంత్రాంగం గడువు తక్కువ ఉండే షార్ట్ టెండర్లతో, ఇప్పటికంటే ఎక్కువ ధరకు, అవే పరికరాలు కొంటుంది. ఆ డబ్బు అప్పుడెక్కడి నుంచి వస్తుందో ఇప్పుడే చెప్పాలి.

విజయవాడ, గుంటూరు రెండు నగరాల మున్సిపల్ కమిషనర్లనూ అడుగుతున్నాం. ఏ ప్లాంటులో ఏ వాల్వు, ఏ సెన్సారు ఏ సంవత్సరంలో బిగించారో, సైరన్ చివరిసారి ఎప్పుడు మోగించి చూశారో ప్రతి వార్డు సచివాలయం గోడ మీదా అంటించండి. వరద సీజన్‌కు ముందే మార్పిడి పనులు మొదలుపెట్టండి. అది చేతకాకపోతే, ఫైలు మీద 'ఇన్నాళ్లూ ఏమీ కాలేదు' అని మీ చేత్తో రాసి కింద సంతకం పెట్టండి. రేపు ఏదైనా జరిగితే బాధ్యులెవరో వెతకడానికి కమిటీ వేసే పని ఉండదు.