లాగ్ చదివే దురలవాటు

కోడ్‌ని కట్టి టెస్టులు నడిపే బిల్డ్ విఫలమై ఎర్రబడితే ఏం చేయాలో ఈ సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో ఎవరికీ నేర్పక్కర్లేదు. ముందు మళ్ళీ నడపాలి. మళ్ళీ పడితే టీ తాగొచ్చి ఇంకోసారి నడపాలి. అప్పటికీ లొంగకపోతే గ్రూపులో "ఎవరైనా ఏమైనా ముట్టుకున్నారా?" అని అడగాలి. ఎవరూ ఒప్పుకోరు. ఈలోగా బిల్డ్ దానంతటదే పచ్చబడుతుంది, ఆ మాట అక్కడితో సమసిపోతుంది. ఎన్నో రిలీజులు ఈ ఆచారం చలవ వల్లే గట్టెక్కాయి. అలాంటిది ఈ మధ్య టీముకొకరు చొప్పున ఒక కొత్త రకం మనిషి తయారవుతున్నాడు. రీ-రన్ నొక్కకముందే కన్సోల్ అవుట్‌పుట్, అంటే బిల్డ్ అడుగడుగునా రాసిన లాగ్, తెరిచి చదువుతున్నాడు. ఇలాంటివాళ్ళని చూసీచూడనట్టు వదిలేయడం ఇక మంచిది కాదు.

ముందుగా మర్యాద సంగతి. చివరి లైనులో "ఫినిష్డ్: ఫెయిల్యూర్" అని బిల్డులు నడిపే జెంకిన్స్ సర్వర్ స్వయంగా తీర్పు చెప్పేశాక, దాన్ని కాదని పైకి ఎక్కి ఆధారాలు వెతకడం ఏం సంస్కారం? కింద ఉండేది ఫలితమే గానీ కారణం కాదట. లాగ్‌లో మొట్టమొదటి ఎర్రర్ పట్టుకోవాలట, దాని కింద వరసకట్టిన మిగతావన్నీ దాని సంతానమేనట. ప్లస్ గుర్తుతో మొదలయ్యే లైన్లు షెల్ (కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) నడిపిన కమాండ్లు కాబట్టి, ఎర్రర్‌కి ముందున్న ఆఖరి ప్లస్ లైను చూస్తే ఎక్కడ కూలిందో తెలిసిపోతుందట. ఆ తర్వాత, కమాండ్ ముగిసేటప్పుడు వదిలివెళ్ళే ఎగ్జిట్ కోడ్ల జాతకం మొదలు. 127 అంటే కమాండే దొరకలేదు. 126 అంటే దొరికింది, నడపడానికి అనుమతి లేదు. 143 అంటే ఎవరో పద్ధతిగా ఆగమన్నారు. 137 అంటే మెడపట్టి గెంటేశారు.

ఈ 137 దగ్గర వీళ్ళు చేసే హడావుడి చూసి తీరాలి. 128కి కిల్ సిగ్నల్ నంబరు 9 కలిపితే 137 అని మొదలుపెడతారు. గెంటినవాడి పేరు బిల్డ్ లాగ్‌లో ఉండదు కాబట్టి బిల్డ్ నడిచిన ఏజెంట్ మిషన్‌లోకి వెళ్ళి, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రమైన కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్ కొడతారు. అక్కడ "అవుట్ ఆఫ్ మెమరీ" అని కెర్నెల్ రాసిపెట్టిన వాంగ్మూలం పట్టుకొస్తారు. ఇక లెక్కలు. మిషన్ మెమరీ 8 జీబీ, ఒకేసారి బిల్డులు నడిపే ఎగ్జిక్యూటర్లు 4, జావా కోడ్ కట్టే ఒక్కో మేవెన్‌కి ఇచ్చిన హీప్ (జావా డేటా మెమరీ) 3 జీబీ. నాలుగు మూళ్ళు పన్నెండు. పైగా హీప్ 3 అన్నంత మాత్రాన జావా ప్రాసెస్ మూడు దగ్గర ఆగదు. హీప్ బయటుండే మెటాస్పేస్, థ్రెడ్ స్టాకుల మెమరీ వేరే. టెస్టుల కోసం మేవెన్ పుట్టించే రెండో జేవీఎం (జావా నడిపే ప్రాసెస్) ఇంకా వేరే, దానికి ఈ హద్దు అసలు వర్తించదు. కాబట్టి ఎగ్జిక్యూటర్లు రెండుకి తగ్గించాలి, టెస్టుల జేవీఎంకి విడిగా హద్దు పెట్టాలి అని తేలుస్తారు.

మరి రీ-రన్ కొడితే పాసైంది కదా? దానికీ జవాబుంది. అప్పటికి పక్క మూడు బిల్డులూ అయిపోయి మెమరీ ఖాళీ అయిందట. రాత్రి జాబులన్నిటికీ షెడ్యూల్‌లో "సున్నా సున్నా" అని రాస్తే పన్నెండింటికి అన్నీ ఒక్కసారే మీదపడతాయి, సున్నాల బదులు "హెచ్" అని రాస్తే జాబ్ పేరునిబట్టి జెంకిన్సే వాటిని తలో వేళకి సర్దుతుంది అని కూడా చెబుతారు. ఒక్క బటన్‌తో తేలిపోయే విషయానికి ఇంత పొడుగు సమాధానం ఇచ్చేవాడిని ఏ మేనేజర్ నమ్మాలి?

తర్వాత, "నా లాప్‌టాప్‌లో నడుస్తోంది" అనే మాటకున్న విలువ తీసేస్తున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిస్తే చాలు, రచ్చ సంగతి సర్వర్లు చూసే డెవాప్స్ టీము చూసుకుంటుందని మనం సవరించుకున్నాం. లాగ్ చదివేవాడు ఈ సవరణ ఒప్పుకోడు. సుడో కొట్టి, జెంకిన్స్ అనే యూజర్‌గా మారి, అదే కమాండ్ నడిపి చూస్తాడు. "నోడ్: నాట్ ఫౌండ్" అని వస్తుంది. లాప్‌టాప్‌లో నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) దారి చూపిస్తున్నది బాష్ షెల్ మొదలయ్యేటప్పుడు చదివే బాష్ఆర్‌సీ ఫైల్, సర్వర్‌లో బిల్డ్ షెల్ దాన్ని తెరవనే తెరవదు అంటాడు. తెరిచినా ఉబుంటులో ఆ ఫైల్ మొదట్లోనే, మనిషి కూర్చుని టైపు చేస్తున్న షెల్ కాకపోతే వెనక్కి పొమ్మని రాసి ఉంటుందట.

అంతటితో ఆగితే బాగుండేది. జెంకిన్స్ షెల్ స్టెప్ నడిపేది బాష్‌తో కాదు, స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్‌తో అని తవ్వుతాడు. ఉబుంటు, డెబియన్లలో అది డాష్ అనే ఇంకో షెల్. దానికి "సోర్స్" అన్న కమాండ్ తెలీదు, రెండు చదరపు బ్రాకెట్ల షరతులూ తెలీవు. బాష్ కావాలంటే స్క్రిప్ట్ మొట్టమొదటి అక్షరాలే షెబాంగ్, అంటే ఏ షెల్‌తో నడపాలో చెప్పే లైను, అయి ఉండాలి. మూడు కొటేషన్ గుర్తులు పెట్టి, ఎంటర్ కొట్టి, రెండో లైనులో అందంగా షెబాంగ్ రాస్తే జెంకిన్స్ దాన్ని కామెంట్ కింద జమకట్టి డాష్‌కే అప్పగిస్తుంది.

సరిగ్గా రాసినవాళ్ళకి మాత్రం ఒక కానుక దొరుకుతుంది. షెబాంగ్ కనబడగానే జెంకిన్స్ తన తరఫున షెల్‌కి ఇచ్చే, ప్రతి కమాండునీ చూపించి ఒకటి పడగానే ఆగమనే "మైనస్ ఎక్స్ఈ" ఆప్షన్‌ని విరమించుకుంటుంది. అంటే మధ్యలో ఏ కమాండ్ చచ్చినా స్క్రిప్ట్ చలించదు, ఆఖరి కమాండ్ బాగుంటే బిల్డ్ పచ్చగా వస్తుంది. ఇంతటి ప్రశాంతతని కూడా "సెట్ మైనస్ ఈ" అని ఒక లైను చేర్చి చెడగొట్టాలని వీళ్ళ ఉబలాటం. అదే కోవలో, టెస్టుల అవుట్‌పుట్‌ని పైపు పెట్టి, తెరమీదా ఫైల్‌లోనూ రాసే "టీ" కమాండ్‌కి పంపించే పాత పద్ధతి ఒకటుంది. పైపులో చివరివాడి ఎగ్జిట్ కోడే లెక్కలోకి వస్తుంది, చివరివాడు టీ, టీ తన పని ఎప్పుడూ సక్రమంగా చేస్తుంది. అందుకని టెస్టులు ఎన్ని పడినా బిల్డ్ పచ్చగానే ఉంటుంది. దీనికి, పైపులో ఎవరు పడినా పడినట్టే లెక్కగట్టే "పైప్‌ఫెయిల్" తగిలించాలట!

కాన్ఫిగరేషన్ విషయంలో అయితే వీళ్ళకి భక్తి బొత్తిగా లేదు. స్లాష్ ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో జెంకిన్స్ పేరుతో ఒక ఫైల్ ఉంటుంది. పోర్టు 8080 నుంచి మార్చాలన్నా, మెమరీ పెంచాలన్నా తరతరాలుగా అందరూ అందులోనే రాసేవారు. 2022 మార్చిలో వచ్చిన జెంకిన్స్ 2.332.1 వెర్షన్ నుంచి లైనక్స్ ప్యాకేజీలు, సర్వీసులు నడిపే సిస్టమ్‌డీకి మారిపోయాయి, అప్పట్నుంచీ ఆ ఫైల్‌ని చదివేవాడు లేడు. అయినా దాన్ని ఎడిట్ చేసి, రీస్టార్ట్ చేసి, మారలేదని ఇంకోసారి రీస్టార్ట్ చేసే నిష్ఠ ఎన్నో ఆఫీసుల్లో ఇప్పటికీ నిలిచి ఉంది. లాగ్ చదివేవాడు ఏం చేస్తాడు? పీఎస్ కొట్టి, నడుస్తున్న ప్రాసెస్ నిజంగా ఏ ఆప్షన్లతో నడుస్తోందో చూస్తాడు. తర్వాత "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ జెంకిన్స్" అని కొట్టి, సర్వీస్ సెక్షన్ కింద ఎన్విరాన్‌మెంట్ లైనులో పోర్టు రాసి, ఒకే ఒక్కసారి రీస్టార్ట్ చేసి కుర్చీలో వెనక్కి వాలతాడు. మిగతా టీముని చిన్నబుచ్చడానికి కాకపోతే ఎందుకిదంతా?

డిస్క్ గురించి క్లుప్తంగా. డీఎఫ్ కొడితే సగం ఖాళీ చూపిస్తుంటే, "స్పేస్ లేదు" అన్న ఎర్రర్ అబద్ధమని ఎవరికైనా అర్థమవుతుంది. వీళ్ళు మాత్రం మైనస్ ఐ జోడించి ఐనోడ్లు (ఫైలుకొకటి చొప్పున ఉండే నమోదులు) అయిపోయాయంటారు, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోని లక్షల చిన్న ఫైళ్ళ మీదికి నెపం నెడతారు.

రీ-రన్‌కి లొంగని జబ్బులు ఉన్నాయని వీళ్ళు ఎప్పుడూ ఎత్తిచూపే ఉదాహరణ ఒకటుంది. 2023 మార్చి 24న కోడ్ దాచే గిట్‌హబ్ తన ఆర్ఎస్ఏ హోస్ట్ కీ (అవతల ఉన్నది తానేనని నిరూపించే కీ) మార్చింది. ప్రైవేటు కీ కాసేపు పబ్లిక్ రిపాజిటరీలో కనబడటమే కారణం. పాత కీ గుర్తుపెట్టుకున్న బిల్డ్ సర్వర్లన్నీ "హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని మొండికేశాయి. అక్కడ కూడా మన ఆచారానికి లోటు లేదు. హోస్ట్ కీ తనిఖీనే ఆపేస్తే సరి, అవతల ఉన్నది గిట్‌హబ్బో ఇంకెవరో అన్న చింతే ఉండదు. వీళ్ళేమో జెంకిన్స్ యూజర్ నోన్‌హోస్ట్స్ ఫైల్‌లోంచి పాత కీ తీసేసి, కొత్త కీ ఫింగర్‌ప్రింట్‌ని గిట్‌హబ్ ప్రకటించినదానితో అక్షరం అక్షరం పోల్చి అప్పుడు చేరుస్తారు. రిలీజ్ రోజున ఈ అక్షరాభ్యాసం!

రాత్రి మాత్రమే పడే టెస్టు మరో తగాదా. మన దగ్గర తేదీ మారాక ఉదయం 5:30 దాకా సర్వర్‌లోని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) గడియారంలో నిన్నటి తేదీయే ఉంటుంది. ఒకచోట ఇండియా తేదీ, ఇంకోచోట సర్వర్ తేదీ తీసుకుని పోల్చే టెస్టు ఆ ఐదున్నర గంటలూ పడుతుంది, తెల్లారాక పాసవుతుంది. పది గంటలకి వచ్చి రీ-రన్ నొక్కేవాడికి ఇందులో సమస్యే కనబడదు, కనబడని సమస్యకి టికెట్ దేనికి?

కాబట్టి చేయాల్సింది ఇదీ. ప్రతి టెస్టు స్టేజికీ "రిట్రై మూడు" తప్పనిసరి చేయాలి. పదిసార్లకి ఒకసారి పడే టెస్టు, ఒక ప్రయత్నానికీ ఇంకోదానికీ సంబంధం లేకపోతే, మూడుసార్లూ వరసగా పడేది వెయ్యికి ఒక్కసారే. డాష్‌బోర్డు కళకళలాడుతుంది. ఆ టెస్టు పట్టుకోవాల్సిన రేస్ కండిషన్ (పనుల వరస తారుమారైతే వచ్చే బగ్) మాత్రం కస్టమర్ దగ్గర యథాప్రకారం పదికి ఒకసారి పలకరిస్తుంది, వాళ్ళకి రీ-రన్ బటన్ ఇచ్చామో లేదో ప్రొడక్ట్ టీముని అడగాలి. కన్సోల్ అవుట్‌పుట్ చూసే అనుమతి మేనేజర్ స్థాయి నుంచి మొదలుపెడితే ఇంకా మేలు, ఆ స్థాయిలో దాన్ని ఎవరూ తెరవరు.

ఈలోగా లాగ్ చదివేవాడు "పైప్‌ఫెయిల్" చేరుస్తూ పుల్ రిక్వెస్ట్ (మార్పు ప్రతిపాదన) పెడతాడు. కంగారు అక్కర్లేదు. పడిన టెస్టులన్నీ బయటపడి ఆ బిల్డ్ ఎలాగూ ఎర్రగా వస్తుంది, ఎర్రగా ఉన్న మార్పుని మెర్జ్ చేయకూడదన్న నియమం మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది.