అమీర్‌పేట నేర్పని రెండో నెల

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర బస్సు దిగి ఆదిత్య ఎన్‌క్లేవ్ దాకా నడిస్తే చేతిలో నాలుగైదు కరపత్రాలు పడతాయి. ఒకప్పుడు వాటి నిండా జావా, శాప్, టెస్టింగ్ ఉండేవి. ఇప్పుడు డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీద నడిపే పని), ఇంటర్నెట్‌లో సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్. ఉద్యోగాలు ఎటుంటే కోర్సులు అటు పోతాయి, అందులో తప్పు పట్టాల్సింది లేదు. పైగా ఆ క్లౌడ్ ఇప్పుడు మన ఊళ్లోనే ఉంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్, అంటే ఇక్కడి డేటా సెంటర్ల సముదాయం, తెరిచింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే ఏడాది మార్చిలో ఇక్కడ డేటా సెంటర్ రీజియన్ పెడుతున్నట్టు ప్రకటించింది. సర్వర్లకు కొదవ లేదు. ఒక్క సర్వర్‌ని ఏడాది పాటు పడిపోకుండా నడిపిన కుర్రాళ్లు మాత్రం వెతికితే గానీ దొరకరు.

ల్యాబ్ క్లాసు ఎలా సాగుతుందో చూడండి. క్లౌడ్‌లో ఒక మెషీన్ లాంచ్ చేస్తారు. అందులో ఎన్జింక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ వేస్తారు. బ్రౌజర్‌లో ‘వెల్‌కమ్ టు ఎన్జింక్స్’ అని పేజీ రాగానే అందరి మొహాలూ వెలుగుతాయి. స్క్రీన్‌షాట్ తీసుకుంటారు. వెంటనే సార్ గొంతు: ‘‘అయిపోయింది కదా, టెర్మినేట్ చేసేయండి, లేకపోతే బిల్లు పడుద్ది.’’ ఆయన చెప్పింది నిజమే. రేట్లు డాలర్లలో ఉంటాయి, 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీకి (బయటివాళ్లు సర్వర్‌ని చేరుకునే చిరునామాకి) కూడా అమెజాన్ గంటల లెక్కన వసూలు చేస్తోంది. కానీ ఆ సర్వర్ ఆయుష్షు గంటన్నర. దాని డిస్క్ ఎప్పుడూ నిండలేదు, సర్టిఫికెట్ గడువు తీరలేదు, దాని తలుపు తట్టిన దొంగలెవరో ఎవరూ చూడలేదు. వెబ్ సర్వర్ విద్యలో నేర్చుకోవాల్సిందంతా ఆ ‘టెర్మినేట్’ నొక్కకుండా వదిలేసిన తర్వాతే మొదలవుతుందన్నది నా వాదన. ఇన్‌స్టాల్ చేయడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. రెండో నెలలో ఏం జరుగుతుందో చెప్పే కోర్సు మాత్రం కనబడదు.

మొదటి రాత్రి సంగతే తీసుకుందాం. సర్వర్‌కి పబ్లిక్ ఐపీ వచ్చిన కొద్దిసేపటికే లాగిన్ లాగ్ (ఎవరెవరు లోపలికి రావడానికి చూశారో రాసిపెట్టే ఫైల్) తెరిచి చూస్తే గుండె ఝల్లుమంటుంది. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్, ఉబుంటు... ఇలా ఒక్కో పేరుతో ఎవరో లోపలికి రావడానికి ప్రయత్నిస్తూనే ఉంటారు. మీ మీద ఎవరికీ పగ లేదు, అవన్నీ బాట్‌లు, వాటంతటవే తిరిగే ప్రోగ్రామ్‌లు. ఐపీవీ4 చిరునామాలు (ఇంటర్నెట్‌లో పాత పద్ధతి ఐపీలు) మొత్తం దాదాపు 430 కోట్లు. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో తెచ్చిన జీమ్యాప్ అనే టూల్, మంచి లైన్ ఉంటే, ఒక పోర్ట్ (సర్వర్‌కి ఉండే నంబరు తలుపు) కోసం వాటన్నిటినీ ముప్పావు గంటలో గాలించేస్తుంది. కాబట్టి ‘నా చిన్న సైట్‌ని ఎవరు పట్టించుకుంటారులే’ అన్న ధీమా పనికిరాదు. ఇది చూశాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి ఎస్ఎస్‌హెచ్ కీ (దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే తాళంచెవి ఫైల్) ఎందుకు పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫైర్‌వాల్ కూడా అప్పుడే గుర్తొస్తుంది. ఎస్ఎస్‌హెచ్ వాడే 22వ పోర్ట్ తెరవకుండా ఫైర్‌వాల్ ఆన్ చేసినవాళ్లు, తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు లాగేసుకున్నట్టు, తమ సర్వర్ బయట తామే నిలబడతారు. ఆ తర్వాత క్లౌడ్ కంపెనీవాళ్ల వెబ్ కన్సోల్ ఎక్కడుందో వెతుక్కోవడం కూడా చదువే అనుకోండి.

అసలు పరీక్ష డిస్క్ దగ్గర వస్తుంది. సైట్ తెరుచుకుంటూనే ఉంటుంది, కొత్త పోస్ట్ మాత్రం సేవ్ కాదు. కాసేపటికి డేటాబేస్ పడిపోతుంది. కోడ్‌లో ఏదో తేడా ఉందని అందరూ కోడ్ మీద పడతారు. ఎవరైనా డిస్క్ ఎంత ఉందో చూస్తే నూటికి నూరు శాతం నిండిపోయి ఉంటుంది. కారణం చాలాసార్లు ఒకే ఒక్క లాగ్ ఫైల్, గిగాబైట్ల కొద్దీ పెరిగి కూర్చుంటుంది. సరే, డిలీట్ చేస్తారు. మళ్లీ చూస్తే డిస్క్ అలాగే నిండి ఉంటుంది! ఇక్కడే చాలామందికి బుర్ర తిరుగుతుంది. ఈ సర్వర్లను నడిపే లినక్స్‌లో ఫైల్ పేరు వేరు, ఫైల్ వేరు. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకుని ఉంటే, మీరు తీసేసింది పేరు మాత్రమే. ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా జాగా తిరిగి రాదు. దాన్ని రీస్టార్ట్ చేయాలి, లేదంటే లాగ్ ఫైల్‌ని డిలీట్ చేయకుండా లోపలున్నది మాత్రం ఖాళీ చేసి ఉండాల్సింది. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో ఐనోడ్ (పేరు వెనక ఉండే అసలు ఫైల్ రికార్డు) గురించి పది మార్కుల జవాబు రాసి పాసైనవాళ్లకు కూడా, అది తమ సైట్ ఆగిపోయిన అర్ధరాత్రే మొదటిసారి అర్థమవుతుంది. పాత లాగ్‌లను ఎప్పటికప్పుడు తీసేసే లాగ్‌రొటేట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఎందుకు ఉందో ఆ తర్వాత ఎప్పటికీ మర్చిపోరు.

సర్టిఫికెట్ల కథ కూడా ఇలాంటిదే. సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి చూపే సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 చివర్లో అందరికీ అందుబాటులోకి వచ్చాక హెచ్‌టీటీపీఎస్‌కి డబ్బు కట్టే బాధ పోయింది. ఆ సర్టిఫికెట్ గడువు 90 రోజులు. ఇదివరకు గడువు దగ్గరపడితే మెయిల్ వచ్చేది, 2025 జూన్‌లో ఆ మెయిళ్లు ఆపేశారు. బ్రౌజర్ కంపెనీలూ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలూ కలిసి తీసుకున్న నిర్ణయం ప్రకారం 2029 మార్చి నుంచి ఏ సర్టిఫికెట్ గడువూ 47 రోజులు దాటకూడదు. అంటే చేత్తో చేసుకునే పని కాదు, ఆటోమేటిక్‌గా రెన్యూ అవ్వాల్సిందే. అలా అయినా ఒక మెలిక ఉంది. కొత్త సర్టిఫికెట్ డిస్క్ మీదికి వచ్చినా, వెబ్ సర్వర్‌ని రీలోడ్ చేయకపోతే అది పాతదాన్నే చూపిస్తుంటుంది. ఇవన్నీ గంటన్నర ల్యాబ్‌లో కనబడమంటే ఎలా కనబడతాయి?

బ్యాకప్ గురించి అందరూ చెబుతారు, రీస్టోర్ గురించి తక్కువమంది చెబుతారు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో, అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే డిలీట్ చేశారు. బ్యాకప్, రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌లో నకలు ఉంచడం) పద్ధతులు అయిదు ఉన్నా ఏ ఒక్కటీ సరిగా పనిచేయడం లేదని అప్పుడు తేలింది. రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోంది. ఫెయిలైందని వెళ్లాల్సిన మెయిళ్లు కూడా రిజెక్ట్ అవుతున్నాయి. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ (డేటా నకలు) ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. అంత పెద్ద సంస్థ పరిస్థితే అది. జరిగిందంతా దాచకుండా వాళ్లే రాసి పెట్టారు, మన కాలేజీల్లో పాఠంగా పెట్టాల్సిన నివేదిక అది. చిన్న సర్వర్‌లో కూడా ఇలాంటి తమాషాలు ఉంటాయి. సర్వర్ గడియారం మామూలుగా యూటీసీలో, మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. రాత్రి రెండింటికి బ్యాకప్ అని పెడితే మనకు ఉదయం ఏడున్నరకి నడుస్తుంది, సరిగ్గా జనం సైట్ చూసే వేళకి.

తెలుగు సైట్ నడిపేవాళ్లకు అదనంగా కొన్ని చిక్కులున్నాయి, ఇంగ్లిష్ గైడ్లలో అవి దొరకవు. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు మూడేసి బైట్లు. యూఆర్ఎల్‌లోకి (పేజీ చిరునామాలోకి) వెళ్లేసరికి ఒక్కోటీ తొమ్మిది క్యారెక్టర్లవుతుంది. సైట్లు నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్‌లో యూఆర్ఎల్ పేరుకి 200 క్యారెక్టర్ల హద్దు ఉంది, అంటే మన గుర్తులు 22 పడితే గొప్ప. పొడుగాటి తెలుగు శీర్షిక పెడితే లింక్ మధ్యలో తెగిపోవడానికి కారణం ఇదే. ఫైల్ పేర్లకూ 255 బైట్ల హద్దు ఉంటుంది, తెలుగులో పేరు పెడితే మూడో వంతుకే అయిపోతుంది. ఇవి తెలిసింది ఎవరో చెప్పగా కాదు, సొంత సైట్లు నడుపుకున్న తెలుగువాళ్లు తంటాలు పడగా పడగా.

ఇంట్లోనే పెట్టుకుంటే ఖర్చు ఉండదు కదా అంటారు కొందరు. నేర్చుకోవడానికి నిజంగా మంచి పద్ధతి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళితే పాత ల్యాప్‌టాప్ తక్కువకే వస్తుంది. దానికి బ్యాటరీ ఉంటుంది కాబట్టి యూపీఎస్ దానిలోనే ఉన్నట్టు. 15 వాట్ల లెక్కన రోజంతా నడిచినా నెలకు దాదాపు 11 యూనిట్లే. మూత వేస్తే నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాలి, అంతే. కాకపోతే మే నెలలో గాలివానకి కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ మేలుకుని ఉన్నా రౌటర్ ఆగిపోతుంది, ఇన్వర్టర్ లైన్ దానికి కూడా ఇచ్చారో లేదో చూసుకోవాలి. అంతకంటే పెద్ద అడ్డంకి ఐపీ. ఆసియా-పసిఫిక్ వాటా ఐపీవీ4 చిరునామాలు 2011 ఏప్రిల్‌లోనే అడుగంటాయి. అందుకే ఇళ్ల కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఎన్నో ఇళ్లు కలిసి ఒకే చిరునామా వాడుకుంటాయి. బయటివాళ్లు మీ ల్యాప్‌టాప్‌కి నేరుగా రాలేరు. స్టాటిక్ ఐపీకి విడిగా డబ్బు కట్టాలి, లేదా బయట ఒక చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుని దాని మీదుగా టన్నెల్, అంటే ఇంటిదాకా దారి, వేసుకోవాలి. ఈ గొడవంతా పడ్డవాడికి నెట్‌వర్కింగ్ ఇంకెవరూ నేర్పక్కర్లేదు.

‘ఇప్పుడు ఇదంతా ఎందుకు, ఏఐని అడిగితే కమాండ్ ఇస్తుంది కదా’ అన్నది తరచూ వినే మాట. ఇస్తుంది, చాలాసార్లు సరైనదే ఇస్తుంది. పర్మిషన్ ఎర్రర్ వచ్చిందంటే ఫోల్డర్‌కి 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అనే అనుమతి) పెట్టమని కూడా అప్పుడప్పుడు చెబుతుంది. ఎర్రర్ పోతుంది. ఆ సర్వర్‌లో ఏ మూల నుంచి ఎవరు దూరినా ఆ ఫోల్డర్‌లో రాసుకునే వీలు కూడా వస్తుంది. ఆ జవాబు చూసి ‘ఆగు’ అనుకోవాలంటే యూజర్, గ్రూప్, ఓనర్ అంటే ఏంటో ఒకసారి చేతులు కాల్చుకుని తెలుసుకుని ఉండాలి.

అలాగని అందరూ అన్నీ సొంత సర్వర్ మీద పెట్టేయమని నేను చెప్పను. నేర్చుకునే సర్వర్ మీద క్లినిక్ రోగుల వివరాలో, దుకాణం కస్టమర్ల ఫోన్ నంబర్లో పెట్టడం మంచిది కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత చూసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. హ్యాక్ అయితే ఆరు గంటల్లో తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశాలిచ్చింది. మెయిల్ సర్వర్ జోలికి కూడా మొదట్లో పోవద్దు. చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ పంపే 25వ పోర్ట్ తెరవవు, తెరిచినా మీ మెయిల్ స్పామ్‌లోనే పడుతుంది. కాలనీ సంఘం నోటీసులు, తాతగారి పద్యాలు, కాలేజీ ఫెస్ట్ పేజీ... మొదట్లో వీటితో సరిపెట్టుకోవచ్చు.

డెవాప్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ‘ప్రొడక్షన్‌లో (జనం వాడుతున్న సర్వర్‌లో) డిస్క్ నిండితే ఏం చేశారు?’ అన్నది మామూలు ప్రశ్న. దానికోసం మన ఊళ్లో మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి, బట్టీ పట్టిన జవాబులతో వెళ్లేవాళ్లున్నారు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు. డిలీట్ చేసినా జాగా ఎందుకు రాలేదో తెలిసిన ఫ్రెషర్, ఆ సర్వర్ తన కాలనీ సంఘానిదే అయినా, అక్కడ కథ అల్లాల్సిన అవసరం లేదు.

కాలేజీలు తలచుకుంటే ఇది కష్టమైన పని కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ తాలూకు గ్లగ్ (గ్నూ-లినక్స్ వాడేవాళ్ల) బృందాలు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏళ్లుగా గ్నూ-లినక్స్ నేర్పుతున్నాయి, పునాది ఉంది. బ్రాంచికి ఒక సర్వర్ ఇచ్చి సెమిస్టర్ అయ్యాక తుడిచేయకుండా, సీనియర్లు వెళ్తూ వెళ్తూ కీలు మార్చి జూనియర్లకు అప్పగించాలి. లెక్చరర్ నెలకోసారి చెప్పకుండా అందులో ఏదో ఒకటి చెడగొట్టాలి. మార్కులు స్క్రీన్‌షాట్‌కి కాకుండా, ఎంతసేపట్లో బాగుచేశారు, ఏం జరిగిందో ఎంత స్పష్టంగా రాసిపెట్టారు అన్నదానికి వేయాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు, ల్యాబ్‌లో మూలన పడేసిన పాత కంప్యూటర్ చాలు. ఆ సర్వర్లకు బయటి నుంచి దారి ఇవ్వడానికి కాలేజీ సిస్టమ్ అడ్మిన్ ఒప్పుకోవాలి, అది మాత్రం అంత తేలిక కాదు. ఆయన టెన్షన్ ఆయనది. విద్యార్థుల సర్వర్లను కాలేజీ నెట్‌వర్క్ నుంచి విడగొట్టి వేరే లైన్ మీద పెడితే ఆయన ‘సరే’ అనే అవకాశం ఉంది.