విలియం హోయ్: సైగల కథ చాటున పడిపోయిన ఆట

బేస్‌బాల్ అంపైర్ కుడిచెయ్యి ఎత్తి స్ట్రైక్ (బ్యాటర్‌కు వ్యతిరేకంగా లెక్కపడే బంతి) ప్రకటించడం విలియం హోయ్ కోసమే మొదలైందని చాలాచోట్ల రాస్తుంటారు. వినికిడి లేని ఆటగాడు, అతని కోసం చేతులాడించిన అంపైర్లు. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ కాలపు ఆధారం మాత్రం దొరకదు. హోయ్ పెద్ద లీగుల్లో ఆడింది 1888 నుంచి 1902 దాకా. అంపైర్ల సైగలు వాడుకలోకి వచ్చింది ఆ తర్వాత. 1905లో ఓ చిన్న లీగు మ్యాచ్‌లో సై రిగ్లర్ అనే అంపైర్ చెయ్యెత్తి చూపించాడని కొందరంటారు. కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఆటలో మేటివాళ్ల గౌరవశాలలో, ఉన్న ఫలకమేమో ఆ ఘనత బిల్ క్లెమ్ అనే మరో అంపైర్‌కు కట్టబెట్టింది. వీళ్లందరికంటే ముందే, 1886లో, ఎడ్ డండన్ అనే మరో బధిర ఆటగాడు అలబామాలోని మొబీల్‌లో అంపైర్‌గా నిలబడి కుడిచేతి వేళ్లతో స్ట్రైకులు, ఎడమచేతి వేళ్లతో బాల్స్ (కొట్టదగ్గ పరిధి దాటి వచ్చిన బంతులు) చూపించాడు.

మరి హోయ్ చేసిందేమిటి? నన్నడిగితే అసలు సంగతి ఈ కథకంటే గట్టిది.

అతను 1862లో ఒహాయోలో పుట్టాడు. మూడేళ్లప్పుడు మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది. కొలంబస్‌లోని బధిరుల పాఠశాలలో చదువుకున్నాడు, చెప్పులు కుట్టే పని చేశాడు, 1886లో విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్ జట్టులో చేరాడు. అక్కడ ఎదురైన ఇబ్బంది క్రికెట్ అలవాటున్న మనకు చప్పున తట్టదు. బేస్‌బాల్‌లో బ్యాటర్ వదిలేసిన ప్రతి బంతికీ అంపైర్ బాల్ అనో స్ట్రైక్ అనో తీర్పు చెప్పాలి. మూడు స్ట్రైకులకు ఔట్. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు (పరుగు కోసం వరసగా తాకాల్సిన నాలుగు స్థానాల్లో మొదటిది) నడిచిపోతాడు, దాన్నే వాక్ అంటారు (నాలుగన్నది 1889 నుంచి, 1888లో అయిదు). ఈ లెక్కను అంపైర్ వెనకనుంచి కేకేసి చెప్పేవాడు. హోయ్ వెనక్కి తిరిగి తీర్పు తెలుసుకుని, మళ్లీ కుదురుకునేలోపే పిచర్ (బంతి విసిరేవాడు) తర్వాతి బంతి విసిరేసేవాడు. ఆ ఏడాది అతని బ్యాటింగ్ సగటు, అంటే బ్యాటింగ్ అవకాశాల్లో హిట్‌ల (బంతిని కొట్టి బేస్ చేరడం) వంతు, 0.219.

విరుగుడుగా అతను పట్టుకున్నది అంపైర్‌ను కాదు, మూడో బేస్ దగ్గర నిలబడే తన జట్టు కోచ్‌ను. స్ట్రైక్ అయితే కోచ్ కుడిచెయ్యి ఎత్తాలి, బాల్ అయితే ఎడమచెయ్యి. హోయ్ ఎడమచేతి బ్యాటర్, నిలబడితే అతని ముఖం మూడో బేస్ వైపే ఉంటుంది. మెడ తిప్పాల్సిన పని లేదు, పిచర్ మీది చూపు పెద్దగా చెదరదు. 1887లో సగటు 0.367కి లేచింది. ఇదంతా సైగల మహిమే అనను, ఎందుకంటే ఆ ఒక్క సీజన్‌కు పెద్ద లీగుల్లో నాలుగు స్ట్రైకులు పడితేనే ఔట్, పైగా వాక్‌ను కూడా హిట్‌గా లెక్కగట్టారు. 1887 అంకెలు ఎవరివైనా కాస్త అనుమానంగానే చూడాలి.

అనుమానం అక్కర్లేనివి వాక్‌లు. కెరీర్ మొత్తంలో వెయ్యికి పైగా. 1901లో, 39 ఏళ్ల వయసులో, షికాగో వైట్ సాక్స్ తరఫున 86 వాక్‌లతో అమెరికన్ లీగులో మొదటి స్థానం. అంపైర్ నోటిమాట చెవిన పడని మనిషి ఏ బంతి వదలాలో అందరికంటే బాగా పసిగట్టాడన్నమాట. బేస్‌ల దొంగతనాల (బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరడం) లెక్కను మాత్రం నేను అంతగా నమ్మను. మొదటి సీజన్‌లోనే 82తో నేషనల్ లీగులో అగ్రస్థానం, మొత్తం దాదాపు 600. కానీ 1897 దాకా ఉన్న నిబంధనలో తోటి ఆటగాడి హిట్ మీద ఒక బేస్ అదనంగా పరిగెత్తినా దొంగతనం కింద రాసేవారు.

సెంటర్ ఫీల్డ్‌లో, అంటే మైదానం వెనక నడిమిభాగంలో, అతని ఆట సంగతి వేరు. బ్యాట్‌కు బంతి తగిలిన చప్పుడును బట్టి మంచి ఔట్‌ఫీల్డర్ (మైదానం వెనకభాగంలో నిలబడే ఫీల్డర్) ముందుకా వెనక్కా అని మొదటి అడుగు వేస్తాడు. హోయ్‌కు ఆ చప్పుడు లేదు, కళ్లే దిక్కు. పైగా గాల్లోకి లేచిన బంతి కోసం ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొస్తే ఢీకొనే ప్రమాదం. అందుకని తోటివాళ్లకు ఒక ఏర్పాటు రాసిపెట్టాడు: బంతి నేను పడుతుంటే అరుస్తాను, మీరు ఆగండి, నా అరుపు వినపడలేదంటే బంతి మీదే. ఎదుటివాడి కేక తను వినలేడు కాబట్టి, కేక వేసే బాధ్యత తన మీదే పెట్టుకున్నాడు. నోరు తెరవని వాడనే అర్థంలో జనం అతన్ని 'డమ్మీ' అనేవారు (మన ఎన్నికల డమ్మీ అభ్యర్థి వేరే). ఆ డమ్మీయే మైదానంలో గొంతు ఎత్తేవాడు!

ఔట్‌ఫీల్డర్‌గా 3,958 పుటౌట్‌లు (ఎదుటివాళ్లను తనే నేరుగా ఔట్ చేయడం, ఎక్కువగా క్యాచ్‌లతో) అతను రిటైరయ్యేనాటికి రికార్డు. 1889 జూన్ 19న వాషింగ్టన్ తరఫున ఆడుతూ, ఒకే మ్యాచ్‌లో ముగ్గురు రన్నర్లను ఔట్‌ఫీల్డ్ నుంచి విసిరి హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు, రన్నర్ అక్కడికి చేరితే పరుగు) దగ్గర ఔట్ చేయించాడు. మూడు త్రోలూ అందుకున్న క్యాచర్ పేరు కోనీ మాక్. తప్పులు కూడా 394 ఉన్నాయి, తక్కువేం కాదు. ఇప్పటి ఔట్‌ఫీల్డర్‌కు అన్ని తప్పులుంటే ఉద్యోగమే ఉండదు. కానీ అప్పటి గ్లవ్ అరచేతికి తొడుగు లాంటిదే, బంతిని బుట్టలా పట్టుకునేది కాదు. నేల ఎగుడుదిగుడు. వచ్చిన అవకాశాల్లో 91 శాతానికి పైగా సరిగ్గా ముగించాడంటే ఆ రోజులకు చెడ్డ లెక్క కాదు.

అభిమానులు అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చాలని అడిగేటప్పుడు సైగల కథనే ముందు పెడతారు. నా దృష్టిలో అది అతని కేసును బలహీనపరుస్తుంది. ఆధారం లేని ఆ ముక్కను చరిత్రకారులు కొట్టిపారేస్తే, దాంతోపాటు వాక్‌లూ పుటౌట్‌లూ కూడా పక్కకు పోతాయి. ఆ రెండింటి బలంతో అడిగితే తప్పక ఇవ్వాల్సిందే అనలేం, కూర్చుని వాదించదగ్గ కేసు అని మాత్రం ఎవరైనా ఒప్పుకోవాలి.

1961 అక్టోబర్ 7న సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌కు ముందు తొలి బంతి విసిరింది 99 ఏళ్ల హోయ్. ఆ డిసెంబర్‌లోనే కన్నుమూశాడు. సిన్సినాటి రెడ్స్ తమ సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2003లో చేర్చుకున్నారు. కూపర్స్‌టౌన్‌లో మాత్రం క్లెమ్ ఫలకం ఉంది, దాని మీద చేతి సైగల ప్రస్తావనా ఉంది. హోయ్ ఫలకం లేదు.