జే ఎటు, హెచ్ ఎటు

విమ్ (టెక్స్ట్ ఎడిటర్)కీ, ఐ3 (లినక్స్‌లో విండోల్ని సర్దే ప్రోగ్రామ్)కీ అటూఇటూ కదలడానికి ఒకే కీలు పెట్టుకోమని సలహా ఇస్తుంటారు, బాగానే ఉంది, కానీ అసలు తంటా చెప్పరండి. విమ్‌లో ఎడమకి హెచ్. ఐ3లో మామూలుగా ఎడమకి జే, హెచ్‌నేమో అక్కడ స్ప్లిట్‌కి (విండో చోటుని రెండుగా చీల్చడానికి) వాడేశారు, అంటే వేళ్ళు ఒక కీ పక్కకి జరగాలి. భీమవరంలో ఇంటి నుంచే పని నాది, ఆర్నెల్లు పక్క విండోకి వెళ్దామని హెచ్ నొక్కి అక్కడే ఉండిపోయేవాణ్ణి. మా తమ్ముడైతే "అన్నయ్యా, మౌస్ పట్టుకోరాదూ" అని ఒకటే నవ్వు.

చివరికి స్ప్లిట్‌ని వేరే కీకి తోసేసి హెచ్ జే కే ఎల్ పెట్టుకున్నా (ఐ3 లాంటిదే అయిన స్వేలో ముందే ఇలా ఉంటుంది). విమ్ లోపల మాత్రం చిన్న స్క్రిప్ట్ కావాలి: కంట్రోల్ డబ్ల్యూ, దాని వెంట దిక్కు కీ కొట్టాక (విమ్‌లో పక్క స్ప్లిట్‌కి వెళ్ళేది ఇలాగే) స్ప్లిట్ నంబర్ మారకపోతే అంచుకి చేరినట్టే, అప్పుడు ఐ3కి ఆదేశాలు పంపే ఐ3-ఎంఎస్‌జీకి అప్పగించెయ్యాలి.