బత్తాయి తోటలో రెడీమేడ్ ఇల్లు

ఫ్యాక్టరీలో తయారయ్యే చిన్న ఇళ్లు తక్కువ ఖర్చుతో త్వరగా సిద్ధమవుతాయని ఒక వ్యాసంలో చదివాను. నిజమే. మా నల్లగొండ వైపు బత్తాయి తోటల్లో, బాయి కాడ ఇవి బాగానే కనిపిస్తున్నాయి. ఇసుక, మేస్త్రీ, క్యూరింగ్ టెన్షన్ లేదు. తోట అమ్ముకున్నా క్రేన్‌తో ఎత్తి ఇంకో చోటికి తీసుకుపోవచ్చు. మా బావ తోటలో ఉన్నది కాపలాకు, మోటారు సామానుకు ఎంతో పనికొస్తోంది.

కానీ ఆ వ్యాసంలో ఎండ సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఇక్కడ మే నెలలో 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఉత్త ఇనుప రేకు గదిలో మధ్యాహ్నం మనిషి కూర్చోలేడు. గోడలకు పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య వేడిని ఆపే నురుగు నింపిన పలక) వేస్తే వేడి నెమ్మదిగా వస్తుంది, అయితే పైకప్పుకు కూడా వేశారో లేదో అడగాలి. దానిపైన కాస్త ఎత్తులో ఇంకో రేకుల కప్పు వేసి, మధ్యలో గాలి ఆడనిస్తే చాలా నయం. పడమటి వైపు పెద్ద కిటికీ వద్దు.

ఇలాంటి ఇల్లు 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు అంటే 160 చదరపు అడుగులే. ఇందిరమ్మ ఇంటికే కనీసం 400 ఉండాలన్నారు. ఒకరిద్దరికి సరే. ముసలి తల్లిదండ్రులు, పిల్లలు, బతుకమ్మకు వచ్చే ఆడబిడ్డలు ఎక్కడ పడుకోవాలి? వడ్ల బస్తాలు ఎక్కడ పెట్టాలి? ఊళ్లో ఉన్న ఇల్లు కూలగొట్టి దీన్ని పెట్టుకుంటామనేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ఇనుప ఇల్లు కాబట్టి ఎర్తింగ్ తప్పనిసరి. గాలిదుమారానికి కదలకుండా కాంక్రీటు దిమ్మెలకు బోల్టులు బిగించాలి. లారీ, క్రేన్ తోట దాకా వచ్చే బాట ఉందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోండి.